దొంగల భయానికి గన్ కొనాలా అక్కా? ఫ్రిస్కో తమ్ముడికి జవాబు

ఉత్తరం:

"అక్కా, మేము టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్-1బీ. గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఏడేళ్లయింది, కార్డు ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలి. ఇద్దరు పిల్లలు, పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి నాలుగు. మా అత్తగారు, మామగారు తెనాలి నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. నెల కిందట మా వీధిలోనే ఒక తెలుగువాళ్లు గుడికి వెళ్లి వచ్చే రెండు గంటల్లో ఎవరో వెనక అద్దం తలుపు పగలగొట్టి బంగారమంతా పట్టుకుపోయారు. అప్పట్నించి మా ఆవిడకి నిద్ర లేదు, చిన్న చప్పుడైనా నన్ను లేపుతోంది. మా ఆఫీసులో ఒకాయన 'టెక్సస్‌లో ఇంట్లోకి ఎవడొచ్చినా కాల్చెయ్యొచ్చు, కేసే ఉండదు, బయట పడితే లోపలికి లాగెయ్, నీ వీసాకి కుదరకపోతే నా పేరు మీద కొనిస్తా' అంటున్నాడు. ఇంకొకాయన హంటింగ్ లైసెన్సు తీసుకుంటే చాలంటున్నాడు. మా మామగారేమో వాళ్ల నాన్నగారికి లైసెన్సు తుపాకీ ఉండేదట, 'కొను బాబూ, నేనూ ఉన్నాగా' అంటున్నారు. అసలు చట్టం ఏం చెప్తుంది? కొనాలా, వద్దా?"

జవాబు:

తమ్ముడూ, ముందు ఆ ఆఫీసాయన కొనిస్తానన్న గన్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే నీ ఉత్తరం చదువుతుంటే ఆ ఒక్క మాట దగ్గరే నా గుండె గుభేలుమంది. వద్దని చెప్పు. రేపు ఆఫీసుకి వెళ్లేదాకా కూడా ఆగకు, ఇవాళే చెప్పు.

షాపులో గన్ కొనేటప్పుడు ఫారం 4473 అని ఒకటి నింపాలి. అందులో, ఈ గన్ నిజంగా నువ్వే కొంటున్నావా అని అడుగుతారు. ఇంకొకరి కోసం కొంటూ అవునని రాస్తే అది ఫెడరల్ నేరం. 2014లో అబ్రామ్‌స్కీ అనే మాజీ పోలీసు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన తన బాబాయి వరసాయనకి కొనిచ్చాడు, ఆ పెద్దాయనకి గన్ ఉంచుకునే అర్హత కూడా ఉంది, అయినా ఫారంలో రాసింది అబద్ధమే కాబట్టి నేరమేనని కోర్టు తేల్చింది. మరి నీకు ఆ అర్హతే లేదు. 2022లో వచ్చిన చట్టం ఇలా వేరేవాళ్ల తరఫున కొనడాన్ని విడిగా ఒక నేరం చేసి పదిహేనేళ్ల దాకా శిక్ష పెట్టింది. అంటే నీకు మేలు చేయబోయి మీ ఆఫీసాయన కూడా జైలు గుమ్మం ఎక్కుతాడు.

నీకు అర్హత లేదని ఎందుకంటున్నానో చెప్తా. దీనికి టెక్సస్‌తో సంబంధం లేదు. 1998లో అమెరికా ఫెడరల్ చట్టంలో ఒక మార్పు చేశారు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఈ దేశంలోకి వచ్చినవాళ్లు గన్ గానీ, బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హెచ్-1బీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4, విద్యార్థుల ఎఫ్-1, మీ అత్తామామలు వచ్చిన విజిటర్ వీసా బీ-2, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఐ-140 అప్రూవ్ అయినంత మాత్రాన నువ్వు ఇమిగ్రెంట్‌వి అయిపోవు, గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాకే అవుతావు. ఏడేళ్లుగా ఎదురుచూస్తున్నవాడికి ఈ మాట ఎంత కటువుగా ఉంటుందో నాకు తెలుసు. తేడా వస్తే పదిహేనేళ్ల దాకా శిక్ష ఒక ఎత్తు, గన్‌కి సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించెయ్యడానికి అదే కారణంగా చాలు. ఆ చివరి మాట గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకీ వర్తిస్తుంది, కాబట్టి మీ స్నేహితుల్లో ఎవరికైనా కార్డు వచ్చి ఉంటే వాళ్లకీ చెప్పు.

టెక్సస్‌లో ఇద్దరు మామూలు మనుషులు గన్ అమ్ముకుంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, 2021 సెప్టెంబరు నుంచి అర్హత ఉన్న పెద్దవాళ్లు నడుముకి పెట్టుకుని తిరగడానికి కూడా పర్మిట్ అక్కర్లేదు. ఇవన్నీ విని మనవాళ్లు, అడిగేవాడు లేడు కాబట్టి తప్పు లేదనుకుంటారు. అడక్కపోవడం వేరు, అనుమతి ఉండటం వేరు.

ఇంకోటి, నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. టీమ్ అవుటింగ్ అని షూటింగ్ రేంజ్‌కి వెళ్తారు చూడు, అద్దె గన్‌తో నాలుగు రౌండ్లు కాల్చి ఫోటోలు పెడతారు. గంటసేపు చేతిలో పట్టుకున్నా పట్టుకున్నట్టే. సరదాకి చేసినదని చట్టంలో మినహాయింపు లేదు. నీ ఫోన్‌లో అలాంటి ఫోటోలుంటే నేను తిట్టను, ఇకముందు మాత్రం వెళ్లకు.

మరి హంటింగ్ లైసెన్సు మాట? అది అబద్ధం కాదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉన్నవాళ్లకి ఆ ఫెడరల్ నిషేధం నుంచి మినహాయింపు ఉంది, చట్టంలో రాసే ఉంది. టెక్సస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు ఇస్తారు, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి, లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది. దాంతో హెచ్-1బీ వాళ్లు షాపులో చట్టబద్ధంగానే కొంటున్నారు. కానీ ఆలోచించు. ఆగస్టు 31 అర్ధరాత్రి దాటాక, రెన్యూ చెయ్యడం మర్చిపోయి నువ్వు ఇండియా ప్రయాణానికి సామాన్లు సర్దుకుంటుంటే, నీ అల్మారాలో ఉన్న గన్ తెల్లారేసరికి నేరమైపోతుంది. మీ ఆవిడకి లైసెన్సు లేకపోతే ఆ సేఫ్ తాళం ఆవిడకి అందుబాటులో ఉండటమే ఒక ప్రశ్న. ఒక్క వీసా స్టాంపింగ్ కోసమే నెలల తరబడి టెన్షన్ పడే మనం ఇలాంటి దారప్పోగు మీద ఇల్లూ వాకిలీ వేలాడదీసుకోవడం నాకు మనసొప్పదు. అయినా ఆ దారిలోనే వెళ్తానంటే, ముందు ఇమిగ్రేషన్ లాయరుకి డబ్బు కట్టి నీ కాగితాలు చూపించి రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకో. లంచ్ టేబుల్ దగ్గర విన్నది వద్దు.

వేట తుపాకీ అనేసరికి నాకొకటి గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుంది. 2024 నవంబరులో అట్లాంటాలో మన తెలంగాణ కుర్రాడు, చదువుకోవడానికి వచ్చినవాడు, తన పుట్టినరోజు నాడే వేట తుపాకీ శుభ్రం చేస్తుంటే అది పేలి చనిపోయాడు. ఇంట్లో స్నేహితులున్నారు. దొంగ లేడు, గొడవ లేదు. ఆ తల్లిదండ్రుల గురించి ఆలోచించకుండా గన్ గురించి నేను ఏ సలహా ఇవ్వలేను.

మీ మామగారికి గౌరవంగానే చెప్పు. ఆయన బీ-2 మీద ఉన్నారు. నీకు రేపు గ్రీన్‌కార్డ్ వచ్చి గన్ కొన్నా సరే, ఆయన చేతికి అందేలా పెట్టకూడదు, "ఒకసారి ఇలా ఇవ్వు చూస్తా" అన్నా ఇవ్వకూడదు. వాళ్ల నాన్నగారి రోజుల్లో పొలం కాపలాకి లైసెన్సు తుపాకీ ఉండటం మన ఊళ్లలో చాలా ఇళ్లలో చూసిందే. అక్కడి చట్టంలోనూ ప్రాణరక్షణ హక్కు ఉంది, పాత ఐపీసీలో 96 నుంచి 106 దాకా ఉన్న సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 అయ్యాయి. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి వచ్చినవాడి మీద ప్రాణం పోయేంత బలం వాడే హక్కు కూడా అందులో ఉంది, అయితే ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించకూడదన్న షరతుతో. అది అక్కడి లెక్క. ఇక్కడ ఆయన అతిథి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తా, ఇంట్లోకి దొంగ వస్తే టెక్సస్ చట్టం ఏమంటుంది? టెక్సస్ పీనల్ కోడ్‌లో తొమ్మిదో చాప్టర్ ఉంది, అందులో 9.31, 9.32 సెక్షన్లు ఆత్మరక్షణ గురించి. ఎదుటివాడు చట్టవిరుద్ధంగా నీ మీద బలం వాడుతున్నాడు లేదా వాడబోతున్నాడు, దాన్ని ఆపడానికి ఆ క్షణంలో అది అవసరం అని నువ్వు నమ్మాలి, ఆ నమ్మకం మామూలు మనిషి ఎవరైనా ఒప్పుకునేలా ఉండాలి. ప్రాణం తీసేంత బలం వాడాలంటే ఎదుటివాడు కూడా అంత పని చెయ్యబోతున్నాడని, లేదా దోపిడీ, హత్య, కిడ్నాప్ లాంటి ఘోరానికి దిగబోతున్నాడని నమ్మేలా ఉండాలి. 2007 సెప్టెంబరు 1 నుంచి ఒక పెద్ద వెసులుబాటు చేర్చారు. మనుషులున్న నీ ఇంట్లోకి ఎవడైనా చట్టవిరుద్ధంగా, బలప్రయోగంతో చొరబడ్డాడు లేదా చొరబడబోతున్నాడు అనుకో, నీ నమ్మకం సమంజసమైనదేనని చట్టమే ముందుగా అనుకుంటుంది. పారిపోవడానికి దారి ఉంది కదా ఎందుకు పారిపోలేదు అని కూడా అడగదు. కాజిల్ డాక్ట్రిన్ అని అందరూ అనేది ఇదే.

ఇందులో రెండు మాటలు జాగ్రత్తగా చూడు. ఒకటి "బలప్రయోగంతో". తాళం వెయ్యని తలుపు తోసుకుని మత్తులో పక్కింటాయన లోపలికొచ్చి సోఫాలో కూలబడితే చట్టం ఇచ్చే ఆ ముందస్తు నమ్మకం నీకు దొరుకుతుందా అన్నది పెద్ద వాదన అవుతుంది. రెండోది ఎవరూ చెప్పరు, నీకు అన్నిటికంటే ముఖ్యమైనది అదే. ఆ వెసులుబాటు దొరకాలంటే నువ్వు నీ వైపు నుంచి కయ్యానికి కాలు దువ్వి ఉండకూడదు, ఆ సమయంలో నువ్వు వేరే నేరమేదీ చేస్తూ ఉండకూడదు. చిన్నపాటి ట్రాఫిక్ ఉల్లంఘన ఒక్కటే మినహాయింపు. మరి నీ చేతిలో నువ్వు ఉంచుకోకూడని గన్ ఉంటే? మీ ఆఫీసాయన ఏ చట్టాన్ని చూసి "కేసే ఉండదు" అన్నాడో, ఆయన కొనిచ్చిన గన్ వల్లే ఆ చట్టం నీకు పూర్తిగా అండగా నిలబడకుండా పోవచ్చు. దొంగని ఆపినవాడివి నువ్వే అయినా, పోలీసులు వచ్చాక అడిగే మొదటి ప్రశ్నల్లో ఈ గన్ ఎక్కడిది అన్నది ఉంటుంది.

అంటే హెచ్-1బీ వాళ్లకి ప్రాణం కాపాడుకునే హక్కే లేదా అంటే, ఉంది. ఆత్మరక్షణ హక్కు వీసా చూసి రాదు. చేతికి దొరికిన క్రికెట్ బ్యాట్‌తో కొట్టినా అదే 9.31, అవే షరతులు. నిషేధం గన్ మీద, బుల్లెట్ల మీద మాత్రమే.

"బయట పడితే లోపలికి లాగెయ్" అన్న మాట నేను ఈ దేశంలో కనీసం పదిమంది నోట విన్నాను, దాన్ని నమ్మినవాళ్లు జీవితాలు పోగొట్టుకుంటారు. శవాన్ని కదిపితే సాక్ష్యం తారుమారు చేసిన నేరం అదనంగా నెత్తిన పడుతుంది. రక్తపు మరకలు, బుల్లెట్ వెళ్లిన దిశ, నేల మీద ఈడ్చిన గుర్తులు, నీ డోర్‌బెల్ కెమెరా, పక్కింటి కెమెరా అన్నీ మాట్లాడతాయి. అంతవరకూ సమర్థించుకోగలిగిన పని కూడా అక్కడితో హత్యలా కనిపించడం మొదలవుతుంది.

ఆస్తి కోసం కాల్చొచ్చా అన్నదాని మీద టెక్సస్ చట్టం మిగతా చాలా రాష్ట్రాల కంటే ఎక్కువ దూరం వెళ్లింది, దాచడమెందుకు. 9.42 సెక్షన్ ప్రకారం దొంగతనం కోసం ఇల్లు పగలగొట్టడం, దోపిడీ, రాత్రిపూట దొంగతనం లాంటివి ఆపడానికి, ఆ సొత్తుతో వెంటనే పారిపోతున్నవాణ్ణి ఆపడానికి కూడా ప్రాణాంతక బలం వాడొచ్చు, కానీ ఆ ఆస్తిని ఇంకే రకంగానూ కాపాడుకోలేను, తిరిగి రాబట్టుకోలేను అని గానీ, అంతకంటే తక్కువ బలంతో ఆపబోతే ప్రాణం మీదికి వస్తుందని గానీ సమంజసంగా నమ్మాలి. అందరూ చెప్పే జో హార్న్ కేసు ఇదే. 2007 నవంబరులో హ్యూస్టన్ పక్కన పసడీనాలో, పక్కింట్లో దొంగలు పడ్డారని ఆయన 911కి ఫోన్ చేశాడు. బయటికి వెళ్లొద్దని అవతలి ఆపరేటర్ పదే పదే చెప్పినా వినకుండా షాట్‌గన్ పట్టుకెళ్లి ఇద్దరినీ చంపాడు. 2008 జూన్ 30న గ్రాండ్ జ్యూరీ, అంటే అభియోగం పెట్టాలా వద్దా అని తేల్చే మామూలు పౌరుల బృందం, కేసు పెట్టక్కర్లేదంది. జనం ఇంతవరకే చెప్తారు. ఏడు నెలలు ఆయన ఆ కత్తి కింద బతికాడని, తను చేసింది ఇంకెవర్నీ చెయ్యమని చెప్పనని తర్వాత ఆయనే అన్నాడని చెప్పరు. ఒక గ్రాండ్ జ్యూరీ వదిలేసింది కాబట్టి రేపు కాలిన్ కౌంటీలో ఇంకో పన్నెండు మంది వదిలేస్తారని ఏమీ లేదు. ఇంత చెప్పాక నా మాట కూడా చెప్తాను, పోతున్నది మా అమ్మ ఇచ్చిన కాసులపేరే అయినా దానికోసం ఒక మనిషి వీపు మీద కాల్చమని నేను ఎవరికీ చెప్పను.

దొంగల బెడదతో విసిగిపోయినవాళ్ల కోపం ఎంతదాకా తీసుకెళ్తుందో చూడాలంటే మిన్నెసోటాలో బైరన్ స్మిత్ కేసు ఉంది. లిటిల్ ఫాల్స్ అనే ఊళ్లో ఆయన ఇంట్లో అప్పటికే దొంగతనాలు జరిగాయి. 2012లో థ్యాంక్స్‌గివింగ్ రోజున బేస్‌మెంట్‌లో గన్‌లు పెట్టుకుని, రికార్డర్ ఆన్ చేసి కూర్చున్నాడు. 17 ఏళ్ల కుర్రాడు, 18 ఏళ్ల పిల్ల కిటికీ పగలగొట్టుకుని వచ్చారు. వాళ్లు దొంగతనానికే వచ్చారు, అందులో అనుమానం లేదు. మెట్లు దిగుతుంటే కాల్చాడు. కిందపడి కదల్లేని స్థితిలో ఉన్నాక మళ్లీ కాల్చాడు. అంతా ఆయన రికార్డర్‌లోనే ఉంది. 2014లో జ్యూరీ ముందస్తు పథకంతో చేసిన హత్యగా తేల్చి జీవితఖైదు పడేలా చేసింది, బయటికి వచ్చే అవకాశం లేకుండా. ఇల్లు ఆయనదే, వచ్చినవాళ్లు దొంగలే, అయినా సరే. ప్రమాదం ఉన్నంతసేపే ఆ హక్కు ఉంటుంది, వాడు కిందపడ్డాక, గన్ పారేశాక, వెనక్కి తిరిగి పరుగెత్తాక ఇక లేదు. చీకట్లో, గుండె దడదడలాడుతుంటే ఆ క్షణాన్ని గుర్తుపట్టడం ఎంత కష్టమో నువ్వే ఊహించు.

దానికంటే నన్ను నిద్రపోనివ్వనిది మీ ఊరికి దగ్గర్లోనే జరిగిన ఇంకో కేసు. 2018 సెప్టెంబరు 6 రాత్రి డాలస్‌లో ఆంబర్ గైగర్ అనే పోలీసు ఉద్యోగిని డ్యూటీ దిగి యూనిఫాంలోనే తన అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. ఒక అంతస్తు పైకి వెళ్లిపోయింది. తనదనుకున్న తలుపు సరిగా పడి లేదు, లోపల ఎవరో ఉన్నారు. కాల్చేసింది. ఆ ఇల్లు బోథమ్ జీన్ అనే 26 ఏళ్ల అకౌంటెంట్‌ది, తన ఇంట్లో తను కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నాడు. తన ఇల్లే అనుకున్నానని, ప్రాణభయంతో కాల్చానని ఆమె చెప్పింది, కాజిల్ డాక్ట్రిన్‌ని కూడా పరిశీలించమని జడ్జి జ్యూరీకి అవకాశం ఇచ్చింది. 2019 అక్టోబరులో హత్యగానే తేల్చారు, పదేళ్ల శిక్ష. గన్ పట్టుకోవడమే ఉద్యోగమైన మనిషి చేసిన పొరపాటు అది. మనం ట్రైనింగ్ లేనివాళ్లం, నిద్రలోంచి లేచినవాళ్లం.

తప్పు గుమ్మం తొక్కిన పిల్లల కథలు ఇంకా ఉన్నాయి. 1992 అక్టోబరులో లూసియానాలోని బాటన్‌రూజ్‌లో యోషిహిరో హత్తోరి అనే 16 ఏళ్ల జపాన్ కుర్రాడు హాలోవీన్ పార్టీ అనుకుని వేరే ఇంటి బెల్లు కొట్టాడు. ఇంటాయన గన్ చూపించి కదలొద్దంటే ఆ పిల్లాడికి ఆ ఇంగ్లీషు మాట సరిగా అర్థం కాలేదు. ఇంటాయన కాల్చేశాడు, పిల్లాడు చనిపోయాడు. క్రిమినల్ కేసులో ఇంటాయన బయటపడ్డాడు, కానీ సివిల్ కోర్టు ఆయన్ని ఆరున్నర లక్షల డాలర్లు కట్టమంది. టెక్సస్‌లో కాల్పులు చట్టసమ్మతమని తేలితే సివిల్ దావా నుంచి రక్షణ ఉంది, అది నిజమే. కానీ ఆ పిల్లాడి స్థానంలో నాకు మన పిల్లలే కనిపిస్తారు. ఆగస్టులో కొత్తగా దిగి, ఉబర్ దిగిన చోట ఇళ్లన్నీ ఒకేలా ఉంటే అక్కావాళ్ల ఇల్లేదో తెలియక బెల్లు కొట్టే పిల్లలు.

మా ఇంట్లోనే ఒకసారి రాత్రి రెండు గంటలకి గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. మా వారు బాత్రూమ్‌లోని స్టూలు పట్టుకుని, నేను ఫోన్‌లో 911 నొక్కి కాల్ బటన్ మీద వేలు పెట్టుకుని, మెట్ల మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. వచ్చింది మా పెద్దవాడు. కాలేజీ నుంచి సర్‌ప్రైజ్ ఇద్దామని నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాడు, చెప్పులు చేత్తో పట్టుకుని మెల్లగా నడుస్తున్నాడు. ఆ స్టూలు వాడి తలకి రెండడుగుల దూరంలో ఆగింది. మా వారి చేతిలో ఆ రాత్రి స్టూలు కాకుండా ఇంకేదైనా ఉంటే అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి.

ఇంకా కొన్ని గబగబా చెప్తా. మన ఇళ్ల లోపలి గోడలు షీట్‌రాక్ అనే పల్చటి పలకలే, పిస్టల్ బుల్లెట్ వాటిని దాటి పక్క గదిలోకి వెళ్లిపోతుంది. దొంగ మీద కాల్పులు ఎంత సమంజసమైనా, నిర్లక్ష్యంగా కాల్చి సంబంధం లేని మనిషికి తగిలితే ఆ మనిషి విషయంలో ఆత్మరక్షణ అని చెప్పుకోవడానికి టెక్సస్ 9.05 సెక్షన్ ఒప్పుకోదు. ఇంట్లో లోడ్ చేసిన గన్‌ని నిర్లక్ష్యంగా వదిలేసి అది 17 ఏళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే అదే ఒక నేరం, ఆ పిల్లలు కాల్చి ఎవరికైనా ప్రాణాపాయమైతే ఏడాది దాకా జైలు. నీ బాబుకి నాలుగేళ్లు, సోఫా కింద రిమోట్ దాచినా పట్టేసే వయసు. ఈ చట్టాలు కూడా టెక్సస్ వరకే. రేపు ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్తే, గ్రీన్‌కార్డ్ ఉన్నా సరే పిస్టల్ కొనడానికే ముందు పోలీసుల దగ్గర పర్మిట్ తీసుకోవాలి.

అన్నీ సక్రమంగా జరిగి నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు చట్టం లోపలే ఉందనుకో, అప్పుడైనా ఆ రాత్రి నీ ఇల్లు క్రైమ్ సీన్. నిన్ను స్టేషన్‌కి తీసుకెళ్తారు, కేసు గ్రాండ్ జ్యూరీకి వెళ్లొచ్చు, పన్నెండు మందిలో తొమ్మిది మంది అవునంటే అభియోగం. ఆత్మరక్షణ కాదని నిరూపించాల్సిన భారం ప్రభుత్వానిదే, నిజమే, కానీ ఆ రోజు వచ్చేదాకా లాయరు ఫీజులు నీవే. అరెస్టు అయిందా అన్న ప్రశ్న గ్రీన్‌కార్డ్ దరఖాస్తు ఫారం ఐ-485లో ఉంటుంది, కేసు కొట్టేసినా అవుననే రాయాలి. కాన్సులేట్‌లో స్టాంపింగ్‌కి వెళ్లినప్పుడు మళ్లీ అదే.

నీ భయం ఉత్తదని నేను అనట్లేదు తమ్ముడూ. 2011 నుంచి 2014 దాకా జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిషిగన్, టెక్సస్‌లలో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లని ఎంచుకుని, ఇంట్లో మనుషులుండగానే ఆయుధాలతో జొరబడి కట్టేసి దోచుకున్న ముఠా ఒకటి ఉండేది. దాన్ని నడిపిన హ్యూస్టన్ మహిళకి 2019లో మిషిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల శిక్ష వేసింది. మన ఇళ్లలో బంగారం ఉంటుందని వాళ్లకి తెలుసు. అయితే మీ వీధిలో ఏం జరిగిందో చూడు, ఇంట్లో ఎవరూ లేని రెండు గంటలు చూసుకుని వచ్చారు. అప్పుడు ఇంట్లో గన్ ఉండి ఉంటే బంగారంతోపాటు అదీ పోయేది.

కాబట్టి బంగారాన్ని ముందు ఇంట్లోంచి తీసెయ్. బ్యాంక్ లాకర్‌లో పెట్టు, పెట్టి అక్కడితో వదిలెయ్యకు, లాకర్‌లో వస్తువులకి బ్యాంకు డిపాజిట్లకున్న ఎఫ్‌డీఐసీ బీమా ఉండదు. హోమ్ ఇన్సూరెన్స్‌లో నగల దొంగతనానికి చాలా పాలసీలు ఏ పదిహేను వందల డాలర్ల దగ్గరో ఆగిపోతాయి, నీ పాలసీ తీసి చూడు, నగలకి విలువ కట్టించి విడిగా రైడర్, అంటే అదనపు బీమా, చేర్చు, ఒక్కో నగ ఫోటో తీసి పెట్టుకో. వెనక అద్దం తలుపుకి సెక్యూరిటీ ఫిల్మ్ వేయించు, గ్లాస్ బ్రేక్ సెన్సర్ పెట్టించు. ముందు తలుపు గడియ పడే ఇనుప పట్టీకి చాలా ఇళ్లలో బిల్డర్లు ముప్పావు అంగుళం మరలు కొట్టి వెళ్లిపోతారు, వాటిని తీసి మూడంగుళాల మరలు గోడ లోపలి చెక్కదాకా దిగేలా బిగిస్తే ఒక్క తన్నుకి ఊడిరాదు. పది డాలర్ల ఖర్చు, అరగంట పని. గరాజ్ నుంచి ఇంట్లోకి వచ్చే తలుపుకి కూడా రాత్రి తాళం వెయ్యండి, మనవాళ్లు ఎవరూ వెయ్యరు. గరాజ్ కోడ్ ఎంతమంది స్నేహితుల దగ్గర ఉందో లెక్కపెట్టి మార్చెయ్. గుడిలో ఉన్నప్పుడు, ఇండియాలో ఉన్నప్పుడు ఫోటోలు అప్పటికప్పుడు పెట్టడం మానెయ్యండి, ఇంటికొచ్చాక పెట్టుకోవచ్చు.

రాత్రి చప్పుడైతే ఏం చెయ్యాలో ఇంట్లో అందరూ కలిసి ఒకసారి అనుకోండి. పిల్లలు, పెద్దవాళ్లు అందరూ మేడ మీద ఒకే గదిలోకి, గట్టి తలుపు, లోపల గడియ, ఛార్జింగ్‌లో ఒక ఫోన్. నువ్వు కిందికి వెళ్లి వెతకొద్దు. 911కి ముందు అడ్రసు చెప్పాలి, తర్వాత ఏమైందో. మాట్లాడితే వినపడుతుందని భయమైతే చాలా కౌంటీల్లో 911కి మెసేజ్ కూడా పంపొచ్చు, మీ దగ్గర పని చేస్తుందో లేదో పోలీసుల నాన్ ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి కనుక్కో. అదే ఫోన్‌లో, ఇంటికొచ్చి తలుపులు, కిటికీలు చూసి సలహా ఇస్తారా అని కూడా అడుగు, చాలా ఊళ్లలో పోలీసులు ఉచితంగానే చేస్తారు.

మీ ఆవిడకి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఆవిడ గన్ కొనమని అడిగినట్టు నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నిద్ర పట్టట్లేదని ఉంది. ఈ శనివారం ఆ మరలు బిగించేటప్పుడు ఆవిడనీ పక్కన ఉండమను, తలుపు మూసి తనే భుజంతో నెట్టి చూడమను. ఇంకో నెలకీ నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించండి, అందులో సిగ్గుపడేది ఏమీ లేదు.

మీ అత్తగారి సంగతి కూడా మర్చిపోకు. పగలు మీరిద్దరూ పనిలో ఉంటే ఇంట్లో ఉండేది వాళ్లే. 911కి ఫోన్ చేసి "తెలుగు" అంటే అనువాదకుల్ని లైన్‌లోకి తీసుకునే ఏర్పాటు ఉంటుంది, కానీ వాళ్లు దొరికేలోగా ఇంటి నంబరు, వీధి పేరు ఆవిడే ఇంగ్లీషులో చెప్పగలగాలి. పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించు, రోజుకోసారి పాప చేత చెప్పించు. ఆవిడకి నోటికి వచ్చాక నాకు రాయి.